పన్నెండు పేర్లకు ఒకే చేతులు

మా ఆయన చేతులు పన్నెండు మంది పేర్ల మీద పనిచేశాయి. అలా చేయించింది నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే లేకపోతే మీరు మధ్యలో కంపెనీనో, ఆ యంత్రాన్నో, పాపం ఆ ప్రసూన గారినో తిట్టుకుంటారు. వాళ్ళ వంతు వాళ్ళకుంది. నా వంతు మాత్రం ఇంకొకరి నెత్తిన పెట్టను.

నా పేరు వరహాలమ్మ. విశాఖపట్నంలో తూనీగ క్యాబ్స్ అనే కరెంటు కార్ల కంపెనీ ఉంది. దాని మారికవలస డిపోకి నేను షిఫ్టు ఇన్‌ఛార్జిని. నలభై కార్లు, ఎనభై మంది డ్రైవర్లు. ఒక్కో కారుకి ఇద్దరు: పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి రాత్రి పది దాకా ఇంకొకరు. మా వాళ్ళు యాప్ డ్రైవర్ల లాంటి వాళ్ళు కారు. బండీ కంపెనీదే, మనిషీ కంపెనీ మనిషే. నెల జీతం, యూనిఫారం, పీఎఫ్, వారానికో సెలవు. ఆ మాట చెప్పుకుని మా కుర్రాళ్ళకి పెళ్ళి సంబంధాలు కూడా కుదిరాయి. ఒక్కటే చిక్కు: డ్యూటీ వేశాక ఆ దారిలో వెళ్ళను అనడానికి లేదు.

మా ఆయన సన్యాసినాయుడు అందులో డ్రైవరే. లారీ, బస్సు, ఇప్పుడు కారు, మొత్తం ఇరవై ఏడేళ్ళు. ఆయన నడుపుతుంటే వెనక సీట్లో చంటిపిల్లలు ఏడుపు ఆపి నిద్రపోతారు. డిపోలో ఆయన నన్ను మేడం అంటాడు, నేను ఆయన్ని నాయుడు గారూ అంటాను. మా వెనక అందరూ నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ. మా ఒక్కగానొక్క కూతురు హైమ డిప్లొమా చదివి, ఆఫీసు ఉద్యోగం చూసుకోవే అని నేను నెత్తీ నోరూ బాదుకున్నా వినకుండా, నిరుడు అదే కంపెనీలో డ్రైవరుగా చేరింది. తండ్రి పొద్దుటి షిఫ్టు, కూతురు మధ్యాహ్నం షిఫ్టు, ఒకటే కారు. రెండు గంటలకి డిపో గేటు దగ్గర ఆయన దిగి, స్టీరింగ్ గుడ్డతో తుడిచి మరీ దానికి అప్పగించేవాడు.

ఆ స్టీరింగ్‌కే తొడుగు వేశారు.

తొడుగు తెచ్చింది డాక్టర్ ప్రసూన. మందుల డాక్టరు కాదు, పరిశోధన చేసిన డాక్టరు. సన్నగా, ఎప్పుడు చూసినా భుజానికి రెండు సంచులతో, తిండి మీద ధ్యాస లేకుండా ఉండేది. ఉపన్యాసం ఇస్తుందేమో అనుకున్నాం. ఇవ్వలేదు. మా ఆయన్ని కారెక్కించి డిపో ఆవరణలో ఒక చుట్టు తిప్పించింది. గోడ వెనక నుంచి ఒక ఖాళీ డ్రమ్ము దొర్లించమని ముందే ఎవరికో చెప్పి ఉంచింది. డ్రమ్ము అడ్డం వచ్చింది, ఆయన ఆపాడు.

"డ్రమ్ము మీకు ఎప్పుడు కనిపించింది నాయుడు గారూ?" అని అడిగింది.

"గోడ దాటొచ్చినాక."

ఆవిడ తన ట్యాబులో గీత చూపించింది. డ్రమ్ము గోడ దాటకముందే గీత పైకి లేచి ఉంది. "మీకంటే ముందు మీ అరచేతులకి తెలిసింది. చప్పుడో, నీడో, ఏదో పట్టుకున్నాయి. బిగిశాయి, చెమట పట్టాయి, నాడి మారింది. ఈ తొడుగు అదే చదువుతుంది," అంది.

తర్వాత పైడిరాజుని ఇంకో కారులో అదే దారిన పంపింది. పైడిరాజు మా డిపోలో నోరున్న మనిషి, ఎవరికీ తగ్గడు. ఈసారి డ్రమ్ము లేదు. అయినా ఆ గోడ దగ్గరికి రాగానే అతని చేతుల్లో తొడుగు చల్లబడి, కాస్త బిగుసుకుంది. బ్రేకు వేసి కిందికి దిగి, అరచేతులు ప్యాంటుకి రుద్దుకున్నాడు.

"ఎవలో సెయ్యట్టుకుని ఆపినట్టుంది అప్పా," అన్నాడు నాతో. మా వైపు అక్కని అప్పా అంటారు.

ఒకరికి కలిగిన భయం వెనక వచ్చే కార్లన్నిటికీ అందుతుంది, అదీ సంగతి. అయితే ప్రతి వాడి ఉలికిపాటునీ ఊరంతా పంచకూడదు కాబట్టి ఆవిడ ఒక నియమం పెట్టింది. ఆ రోజు డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి రెండు సార్లు చెప్పింది కూడా. ఒకే చోట ముగ్గురికి మించి భయపడితే తేడా రోడ్డులో ఉన్నట్టు, ఆ భయం అన్ని కార్లకీ వెళ్తుంది. ఒక్కడే మళ్ళీ మళ్ళీ భయపడితే తేడా ఆ మనిషిలో ఉన్నట్టు. అప్పుడు వాడి పేరు ఒక్కటే నా టేబుల్ మీది తెరకి వస్తుంది, నేను వాణ్ణి బండి దింపి ఆస్పత్రికి పంపాలి.

దానికి యంత్రం ఎవరి చేతులు ఎవరివో గుర్తుపట్టాలి. ఒక్కో డ్రైవరు నలభై నిమిషాలు తొడుగు మీద చేతులు ఆనించి నెమ్మదిగా కూర్చోవాలి. వారం గడువిచ్చారు. ఆఖరి రోజుకి పదకొండు మంది మిగిలిపోయారు, ఏదో పెద్ద సభ ఉందని పొద్దుటి నుంచి వాళ్ళంతా విమానాశ్రయం డ్యూటీలో ఉన్నారు. హైమ కూడా అందులోనే ఉంది. చేతులు నమోదు కాని వాళ్ళకి మర్నాడు డ్యూటీ వెయ్యొద్దని పైనుంచి ఆర్డరు. ప్రసూన గారు వేరే డిపోకి వెళ్ళి, ట్యాబు నాకు వదిలేసింది.

మా దగ్గర ఒకరి హాజరు ఇంకొకరు వెయ్యడం కొత్తేమీ కాదు. దారిలో చార్జింగు అయిపోయి ఆగిన వాడి పేరు పక్కన గేటు దగ్గరున్న వాడు సంతకం గిలికేస్తాడు, నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆ రోజు మా ఆయనకి సెలవు. ఇంటికి ఫోను చేసి పిలిపించాను.

"పదకొండు సార్లు కూకోవాలేటి?" అన్నాడు.

"ఇంట్లో మంచం మీద కూర్చోవడం లేదా, ఇక్కడ కుర్చీలో కూర్చోండి. చేతులేగా," అన్నాను.

పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే లేచేసరికి సాయంత్రం ఐదు దాటింది. మధ్యలో నాలుగు సార్లు టీ. తన పేరుతో కలిపి పన్నెండు పేర్లకి ఆయన చేతులే ఎక్కాయి. అందరి కంటే నెమ్మదైన చేతులు కదా, మంచిదే అని కూడా నాకు నేను చెప్పుకున్నాను.

మొదటి నాలుగు నెలలూ తొడుగుని తిట్టిన వాడు లేడు. ఒకరోజు ఎండాడ మలుపు అవతల గేదె పడుకుని ఉంది. ముందు వెళ్ళిన నాలుగు కార్లు ఉలిక్కిపడ్డాయి, తర్వాత వచ్చిన ఏడు కార్లూ గేదె కనిపించకముందే నెమ్మదించాయి. వెనకున్న వాళ్ళకి ఏం జరిగిందో కూడా తెలియలేదు. చిన్న చిన్న గీతలు, గుద్దులు సగానికి సగం తగ్గాయి. మా వాళ్ళు తొడుగులకి కుంకుమ బొట్లు పెట్టారు. ప్రసూన గారు చూసి, తడి తగిలితే పాడవుతుందండీ అని మొత్తుకుని తుడిపించింది. మర్నాడు మళ్ళీ పెట్టారు.

ఆ తర్వాత సున్నంబట్టీ డౌను మొదలైంది.

కొండ పక్క నుంచి బీచి రోడ్డుకి దిగే వాలు అది. ఎడమ పక్క కొండ రాయి, కుడి పక్క పిట్టగోడ. మలుపు తిరగ్గానే సముద్రం ఒక్కసారిగా ఎదురొస్తుంది. వెడల్పు రోడ్డు, కొత్త తారు. ఒకరోజు పొద్దున్న తొమ్మిది గంటల వేళ నా తెర మీద అక్కడ ఎర్ర మచ్చ పడింది. పన్నెండు మంది డ్రైవర్ల భయం అని చూపించింది, పేర్లు చూపించలేదు. పన్నెండు మంది అంటే మాటలా? రోడ్ల వాళ్ళకి ఫోను చేశాను. వచ్చారు, తారు కొట్టి చూశారు, రాళ్ళు కదిపి చూశారు, ఏమీ లేదన్నారు. మర్నాడు మళ్ళీ ఎర్ర మచ్చ. మూడో రోజు ఇంకాస్త ముదిరింది.

పన్నెండు మంది భయం కాబట్టి అది అన్ని కార్లకీ వెళ్ళింది. వాలు దిగే ప్రతి డ్రైవరుకీ చేతుల్లో తొడుగు చల్లబడి బిగుసుకుంటుంది, వాడు భయపడతాడు, వాడి భయం కూడా లెక్కలో చేరుతుంది, వెనక వచ్చే వాడికి ఇంకాస్త గట్టిగా బిగుస్తుంది. పది రోజుల్లో డిపో మొత్తానికి ఆ వాలు అంటే వణుకు పట్టుకుంది. ఏం చూసి భయపడుతున్నారో ఒక్కడూ చెప్పలేడు.

నాకు చిరాకెత్తింది. ఇంతింత మగాళ్ళు రోడ్డుకి భయపడటమేమిటి అని పైడిరాజు పక్కన కూర్చుని నేనే వెళ్ళాను. పట్టపగలు, పదకొండు గంటలు. వాలు మొదలయ్యే దాకా అతను ఏదో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. మలుపు దగ్గర మాట ఆగిపోయింది. చూస్తే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి, గడ్డం కింద చెమట కారుతోంది, ఊపిరి నోటితో తీస్తున్నాడు. ముందు ఖాళీ రోడ్డు. కాకి కూడా లేదు. నేను తొడుగు ముట్టుకోలేదు, అయినా అతన్ని చూసి నాకూ భయం పట్టుకుంది. సీటు అంచు రెండు చేతులా పట్టుకున్నాను.

కింద బీచి దగ్గర కారాపాడు.

"ఏం కనిపించింది?" అని అడిగాను.

"ఏటీ నేదప్పా. ఏటీ నేకపోడమే బయంగుంది." చేతులు చూసుకున్నాడు. "రేత్రి కంచం ముందు కూకున్నా సేతులు బిగిసిపోతన్నాయి. మా పెద్దదాన్ని ఎత్తుకుంటే నలిగిపోయినట్టు ఏడిసింది. ఆ యాప్ వోళ్ళైతే ఈ దారి వొద్దని ఇంటికెల్లిపోతారు. మనం షిఫ్టు మనుసులం, ఏటి సేత్తాం?"

డ్యూటీ చార్టు వేసేది నేనే. ఆ వాలు మీదుగా నాలుగు కంపెనీల ఉద్యోగుల్ని దింపే ఒప్పందం ఉంది, ఆ దారి తప్పిస్తే గంట చుట్టు. ప్రసూన గారికి ఫోను మీద ఫోను చేశాను. బెంగళూరులో ఉన్నాను, వచ్చే వారం వస్తాను అంది.

ఇంట్లో కూడా ఆ వాలే. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర హైమ కంచంలో చెయ్యి పెట్టి ఊరికే కెలుకుతోంది.

"నాన్నా, ఆ డౌన్లో నీకూ భయమేస్తోందా?" అంది.

ఆయన మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాపి, పక్కన గాలిలో ఒకసారి తడిమి, తర్వాత పట్టుకున్నాడు. "అందరికీ ఏస్తంది గదమ్మా," అన్నాడు.

"అవును. అందరికీనట," అంది అది. "అందరికీనే," అన్నాను నేను కూడా.

ఆ తడుముకోవడం నేను చూశాను. చూసి, మనిషి పరధ్యానంగా ఉన్నాడనుకుని పులుసు వడ్డించాను. ఎనభై మంది మీద కేకలేసే దాన్ని, ఎదురుగా కూర్చున్న వాడికి ఏమైందో పట్టించుకోలేదు.

ప్రసూన గారు వచ్చేసరికి ఆ ఎర్ర మచ్చ పడి మూడు వారాలైంది. ఒంటి గంటకి వచ్చి సంచులు కూడా దించకుండా నా తెర ముందు కూర్చుంది. హైమ తన షిఫ్టుకి ముందుగానే వచ్చి అక్కడే బల్ల మీద కూర్చుని డబ్బా అన్నం తింటోంది. ప్రసూన గారు మొదటి రోజు లెక్క తీసింది. చూస్తూ చూస్తూ ముఖం మార్చుకుంది.

"వీళ్ళు పన్నెండు మందీ ఒకే సెకనులో భయపడ్డారు," అంది. "తొమ్మిదీ పదిహేడుకి. రోజూ అంతే, పన్నెండూ కలిసే లేస్తున్నాయి. పన్నెండు కార్లు ఒకే సెకనులో ఒకే చోట ఎలా ఉంటాయి?" పేర్లు చదివింది. "ఈ గంగునాయుడు ఆ రోజు డ్యూటీలో ఉన్నాడా?"

గంగునాయుడు ఆ రోజు చెల్లెలి పెళ్ళికి పలాస వెళ్ళాడు. సెలవు ఇచ్చింది నేనే. నిజం చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, అది కూడా నేల చూస్తూ.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "అంటే పన్నెండు మంది కాదు. ఒక్కరు. ఆ చేతులు పన్నెండు పేర్లకీ సరిపోయాయి, యంత్రం పన్నెండు మందిగా లెక్కేసింది," అంది. "ఒక్కరైతే రోడ్డుకి ఏమీ కాలేదు. ఆ మనిషికి ఏదో అవుతోంది. మూడు వారాల కిందటే ఒక్క పేరు మీ తెర మీదికి రావాల్సింది. మీరు పన్నెండు మంది సాక్షుల్ని పెట్టి ఆ మనిషి జబ్బుని రోడ్డు మీదికి తోసేశారు. ఎవరాయన?"

"మా ఆయన."

"ఇప్పుడెక్కడున్నారు?"

తెర మీద ఆయన కారు చుక్క కనిపిస్తోంది. ఒక టీచరమ్మనీ, ఆవిడ కొడుకునీ ఎక్కించుకుని మలుపుకి అర కిలోమీటరు ఇవతల ఉంది. కారులో మాట్లాడే మైకు నా చేతికిందే ఉంది. నొక్కాను.

"ఏమండీ," అన్నాను. ఆరేళ్ళలో డిపో మైకులో ఆ పిలుపు రావడం అదే మొదటిసారి.

"సెప్పండి మేడం," అన్నాడు. తర్వాత గొంతు మారింది. "ఏటైంది?"

"మీ కళ్ళకి ఏమవుతోంది?"

కారు చప్పుడు కొంచెంసేపు. "ఎడం పక్క నల్ల తెర దిగతంది. సముద్రం ఎదురొచ్చినప్పుడే తెలస్తంది. ఇయాల పొద్దుటి నుంచి కుడి పక్క కూడా మసగ్గుంది."

"ఆపండి. అక్కడే ఆపండి."

"ఇప్పటికే మలుపు తిరిగిపోనాను వరాలూ. ఎనకాల లారీ హారను కొడతంది. రోడ్డు మజ్జిలో ఆపితే గుద్దేస్తాడు. పక్కకి తిప్పుదామంటే తొడుగు బిగిసిపోయి స్టీరింగు తిరగడం నేదు. ఏటీ అగుపడ్డం నేదు."

డిపో మొత్తం మూడు వారాలుగా పోగుచేసిన భయమంతా ఆ వాలులో ఆయన చేతుల మీద కూర్చుంది. ప్రసూన గారు ట్యాబు మీద వేళ్ళు ఆడిస్తూ, "ఆ చోట ఉన్న భయమంతా చెరిపేస్తున్నాను, ఇరవై సెకన్లు, ఇరవై సెకన్లు," అంటోంది. వెనక సీట్లో పిల్లాడు ఏడుస్తున్నాడు, టీచరమ్మ దేవుడి పేర్లు చెబుతోంది. అన్నీ మైకులో వినిపిస్తున్నాయి. నేను మైకు పట్టుకుని ఊరికే కూర్చున్నాను. నేను భయంతో అరిస్తే ఆయన ఇంకా భయపడతాడన్న ఒక్క జ్ఞానం మాత్రం మిగిలింది.

హైమ ఎంగిలి చేత్తోనే మైకు లాక్కుంది.

"నాన్నా, నేను. బ్రేకు మీద కాలు మెల్లగా ఉంచు, గట్టిగా తొక్కకు. ఎడమ పక్క కంకర ఉంటుంది, గుర్తుందా? స్టీరింగు వదులు కాగానే చక్రం కంకర మీద పడనీ. చప్పుడు నీకే తెలుస్తుంది."

"అలాగేనమ్మా."

"చూడ్డానికి ప్రయత్నించకు. విను."

"పోయింది," అంది ప్రసూన గారు. తెర మీద ఎర్ర మచ్చ మాయమైంది.

"వదులైనాది," అన్నాడు ఆయన. ఆ వెంటనే కంకర నలిగిన చప్పుడు వినిపించింది. తర్వాత రాయికి రేకు రాసుకుంటూ పోయిన చప్పుడు, ఎంతసేపో. తర్వాత లారీ హారను దగ్గరకొచ్చి, దాటి, దూరమైపోయింది. తర్వాత పిల్లాడి ఏడుపు ఒక్కటే. ఏడుస్తున్నాడంటే బతికే ఉన్నాడు.

"ఆగిపోనాది," అన్నాడు ఆయన. "పిల్లోడికి ఏటీ అవనేదు."

కంటి డాక్టరు ఆ సాయంత్రమే చెప్పేశాడు. కంటి లోపలి పొర గోడ నుంచి ఊడి వస్తోందట. మొదలైన రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే రెండు కళ్ళూ ఉండేవట. ఎడమ కన్ను ఇక రాదు. కుడిది ఆపరేషను చేస్తే మనుషుల్ని గుర్తుపట్టేంత మిగలొచ్చు. బండి నడిపే మాట మరిచిపోమన్నాడు.

కట్లు కట్టిన కళ్ళతో మంచం మీద పడుకున్న మనిషిని, ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. అడగడానికి నాకేం మొహం ఉందో, అయినా అడిగాను.

"ఒక్కడికే బయమేస్తే పేరొస్తాది, ఆస్పత్రికి పంపుతారు అని ఆవిడ సెప్పినారు గదా," అన్నాడు. "పేరొస్తే దిగిపోదామని రోజూ సూసినాను. నీ టేబులు మీద నా పేరు రానేదు. పైగా అందరికీ బయమేస్తందని నువ్వే అన్నావు. అందరికీ అయితే నా కళ్ళలో ఏటీ నేదనుకున్నాను. మిసను కంటే నాకెక్కువ తెలుసేటి?"

నేను చెప్పలేకపోయాను. అప్పుడు కాదు.

డాక్టరు గది బయట నన్ను ఆపి ఇంకో మాట అన్నాడు. ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంది, పిల్లలుంటే ఒకసారి చూపించండి అని. హైమ నా పక్కనే నిలబడి ఉంది. అంతసేపూ అన్నీ అదే చక్కబెట్టింది, కాగితాలు, మందులు, వాళ్ళ నాన్న చెప్పులు. ఆ మాట వినగానే గోడకి జారగిలబడింది.

"నాకూ కనిపిస్తోందమ్మా," అంది.

"ఏంటే?"

"కుడి కంట్లో మెరుపులు. వాలు దిగేటప్పుడు నల్ల చుక్కలు ఈదుతున్నట్టుంటాయి. పది రోజులైంది. అందరికీ భయమే కదా, నాదీ అందులోదే అనుకున్నాను. నా భయం ఏదో, వాళ్ళ భయం ఏదో నాకెలా తెలుస్తుంది?"

దాని పేరు కూడా ఆ పదకొండులో ఉంది. దాని చేతులు యంత్రానికి అసలు తెలియవు. దాని పేరు మీద వాళ్ళ నాన్న చేతులున్నాయి, అవి తప్ప వేరే చేతులు దానివని యంత్రం ఒప్పుకోదు. కూతురికి భయమేసిన ప్రతిసారీ అది ఎవరిదో తెలియని చెయ్యి అని పక్కన పడేసింది. అంత పనీ నేను టీ తాగుతూ చేశాను. ఆ నిమిషం నాకు కలిగిన భయం ముందు ఆ వాలు భయం ఏ మూలకీ రాదు. దాని రెక్క పట్టుకుని, నువ్వు నడువు, పరిగెత్తకు, తల ఊపకు అని ఏదేదో వాగుతూ డాక్టరు గదిలోకి తోశాను.

చిన్న రంధ్రం పడిందట, పొర ఇంకా ఊడలేదట. లేజరు పెట్టారు. పావుగంట పని. ఇంకో వారం ఆగుంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయాడు, వద్దు బాబూ అని చేతులు జోడించాను.

మర్నాడు పొద్దున్నే డిపోలో ప్రసూన గారు పన్నెండు పేర్లూ చెరిపేసింది. మిగిలిన పది మందినీ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నమోదు చేయమని చెప్పి, నేను ఆస్పత్రికి వచ్చేశాను. ఆయనకి మధ్యాహ్నం ఆపరేషను. హైమ పక్క మంచం మీద కంటికి గాజుగుడ్డ పెట్టుకుని నిద్రపోతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని కుర్చీ దగ్గరికి లాక్కుని మొత్తం చెప్పాను. మీ పేరు రాకపోవడానికి కారణం మిషను కాదు, నేను. ఆ రోజు కూర్చోబెట్టిన పదకొండు సార్లే మీ కన్ను తీశాయి. దాని కన్నూ పోయేది.

ఆయన కట్ల వెనక ఏముందో నాకు కనిపించదు. చేతులు మాత్రం దుప్పటి మీద కదలకుండా ఉన్నాయి. తిడతాడేమో అని చూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. క్షమించానని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

"ఆ మిగతా పది మందినీ కూకోబెట్టినావా?" అన్నాడు చివరికి.

"ఏడుగురు అయ్యారు. ముగ్గురు ఆరు గంటలకే బండి తీసుకుని వెళ్ళిపోయారు. రెండింటికి షిఫ్టు దిగాక కూర్చుంటారు."

"ఆల్లకి కళ్ళకో గుండెకో ఏటైనా అవతంటే ఎవులికి తెలస్తాది?" గొంతు పెద్దది చెయ్యలేదు. "రెండింటి దాకా ఎందుకాగాల? ఇప్పుడే ఆపు."

ప్యాసింజర్లు ఉంటారండీ, కంపెనీ వాళ్ళు అడుగుతారు అనబోయి, నోరు మూసుకున్నాను. వరండాలోకి వచ్చి ముగ్గురికీ ఒకరి తర్వాత ఒకరికి ఫోను చేశాను. గంగునాయుడు, ఏమైంది మేడం అని అడిగాడు. తర్వాత చెబుతాను, ముందు పక్కకి తీసి ఆపు, దిగి నిలబడు, నిలబడి నాతో మాట్లాడు అన్నాను. మూడో బండి కూడా ఆగిందని చెవులారా వినే దాకా అక్కడి నుంచి కదల్లేదు.